నాన్న అడిగిన ప్రశ్న

ఆదివారం, డ్రోహెడా

ఈరోజు ఇక్కడి తెలుగువాళ్ల చర్చిలో క్విజ్. అడిగేది నాన్నే.

"క్రైస్తవాన్ని రోమ్‌కి అధికార మతం చేసిన చక్రవర్తి ఎవరు?"

"థియోడోసియస్," అన్నాను.

"తప్పు. కాన్‌స్టంటైన్. కూర్చోరా."

కూర్చోలేదు. "ఆయన క్రైస్తవుల మీద హింస ఆపి అనుమతిచ్చాడు, అంతే నాన్నా. అధికార మతం చేసింది చాలా ఏళ్ల తర్వాత థియోడోసియస్."

"స్కూలు మానేసినోడు చెప్తున్నాడు, వినండి!" అందరూ నవ్వారు. పాస్టర్ అంకుల్ మాత్రం ఫోన్‌లో చూసి, "బ్రదర్, అబ్బాయిదే కరెక్ట్," అన్నారు. నాన్న నాకు మార్కు వేశాడు.

అందరి ముందు ఆయన పరువు తీశానేమో అని భయమేసింది. కారులో అడిగాడు, "ఇవన్నీ నీకెక్కడివిరా?"

"డెలివరీ వ్యాన్ నడుపుతూ రోజూ ఫోన్‌లో చరిత్ర పాఠాలు వింటాను."

"మరి చక్రవర్తి చెప్పకముందే అంతమంది ఎందుకు నమ్మారు?"

నాన్న నన్ను ఏదైనా తెలుసుకోవాలని అడగడం ఇదే మొదటిసారి. ఆ కాలంలో ఊళ్లలో మహమ్మారి వస్తే పారిపోకుండా రోగులకి నీళ్లిచ్చిన క్రైస్తవుల గురించి చెప్పాను. ఇల్లొచ్చింది. కారాపాడు కానీ దిగలేదు.

"ఊఁ, తర్వాత?" అన్నాడు.