రంగు కింది అతుకు

గౌరవనీయులైన మా వారికి మీ భార్య నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం. అక్కడ మీరు కూడా వేళకు తిని వేళకు పడుకుంటున్నారనే నమ్మకంతో ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. నాకు మాత్రమే రాసిన మాటలు దాటేసి చదువుతుంటే, "మధ్యలో ఆగావేమే, అక్షరాలు రావడం లేదా?" అన్నారు. రావడం లేదనే చెప్పాను. "వాడికి ఎప్పుడూ కోడి గీతలే," అని మిమ్మల్ని తిట్టారు. ఆ తిట్టు నా బదులు మీరు పడ్డందుకు ఏమీ అనుకోకండి.

మీరు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. అత్తయ్యకు మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందని ఒప్పుకోవడం మాత్రం లేదు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. మీరు చెప్పినట్టే గుడ్డ చుట్టాను. ఇదివరకు నీళ్లు కుళాయిలోంచి కారేవి, ఇప్పుడు గుడ్డలోంచి కారుతున్నాయి. బడిలో ఆయా పని అలవాటైందా అని అడిగారు. అలవాటైంది. చిన్న తరగతుల వాళ్లకు చేతులు కడిగించడం, ఊడిన జడలు అల్లడం, ఆటల వేళ మైదానంలో నిలబడి ఎవరికీ దెబ్బ తగలకుండా చూడడం నా పని. పిల్లలతో ఎంతసేపైనా మాట్లాడతాను. టీచర్లు పలకరిస్తే మాత్రం ఇప్పటికీ తల ఊపి తప్పించుకుంటున్నాను. "బడిలోనైనా నీ గొంతు ఎవరికైనా వినపడుతోందా?" అని ఎగతాళి చేశారు కదా. వినపడింది. ఎలాగో రాస్తాను.

మీరు చేసిన నిచ్చెన మీద పిల్లలు బాగా ఆడుకుంటున్నారా అని కూడా అడిగారు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నా చెయ్యి ఆగిపోతోంది. అందుకే కుళాయి గురించి అంత రాశాను.

నాలుగు స్తంభాల మీద మీరు పడుకోబెట్టిన ఆ ఇనుప నిచ్చెనంటే పిల్లలకు ప్రాణం. గంట కొట్టగానే దాని దగ్గరికే పరుగు. ఒక కమ్మీ వదిలి ఇంకో కమ్మీ పట్టుకుంటూ, కాళ్లు గాల్లో ఆడించుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోతారు. మీరు వెళ్లాక దానికి పసుపు రంగు వేయించారు. ఎండలో దూరం నుంచే మెరిసేది. అది మా ఆయన చేసిందని ఎవరికీ చెప్పుకోకపోయినా, దాని పక్కన నిలబడ్డప్పుడల్లా నేను కొంచెం పొడుగైనట్టు అనిపించేది.

పోయిన వారం దర్జీ గారి అమ్మాయి దాని మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కంగారు పడకండి. కట్టు కట్టారు, ఎముక అతుక్కుంటుందని డాక్టరు చెప్పారు. ఆ పిల్ల చివరి కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఉంది. వెనకనుంచి ఇంకో పిల్ల అదే కమ్మీ అందుకుని, "దిగవే, ఇప్పుడు నా వంతు!" అని అరిచింది. ఆ అరుపు మైదానమంతా వినపడింది. నేను తల తిప్పేసరికి ఇద్దరూ కింద ఉన్నారు. కమ్మీ ఒక పక్క ఊడి వేలాడుతోంది.

ఆ అరిచిన పిల్లను అందరూ పిడుగు అంటారు. కూరగాయల బండి ముసలమ్మ మనవరాలు. తల్లీ తండ్రీ లేరు. నిలబడమంటే దూకుతుంది, నడవమంటే ఉరుకుతుంది. అందుకే ఎవరికీ అనుమానం కూడా రాలేదు. "ఏనుగులా పట్టుకుని ఊపితే ఇనుమైనా ఆగుతుందా?" అన్నారు ఒక టీచరు. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులు కూడా ఆ మాటే అన్నారు. అలాంటి పిల్లను బడిలో ఉంచితే మా పిల్లలకు రక్షణ ఏముందని పెద్ద టీచరును అడిగారు. అందరితో మాట్లాడి తేల్చుదాం అన్నారావిడ. అప్పటిదాకా పిడుగును ఆటలకు పంపవద్దన్నారు. కమ్మీకి గట్టి వైరు చుట్టించి, సోమవారం నుంచి మిగతా పిల్లల్ని ఆడుకోనిద్దాం అన్నారు.

ఆ సాయంత్రం మైదానం ఊడుస్తూ ఊడిన కమ్మీ కొనను చూశాను. రంగు పెచ్చు లేచిపోయి ఉంది. కింద అతుకు లేదు. రెండు వెల్డింగ్ చుక్కలే ఉన్నాయి.

మన వంటింటి కిటికీకి ఊచలు బిగిస్తూ మీరు నాకు చూపించారు, గుర్తుందా? ముందు చుక్కలు పెట్టి నిలబెడతాను, వంకర లేదని చూసుకున్నాక చుట్టూ నింపుతాను అన్నారు. "చుక్కల మీద పిట్ట వాలితే ఆగుతుంది, పిల్లి దూకితే ఆగదు," అని నవ్వారు. నాకు ఇనుము గురించి తెలిసింది అంతే. పక్క కమ్మీ మీద రంగును పిన్నీసుతో గీకి చూశాను. అక్కడా చుక్కలే.

అప్పుడు మీరు వెళ్లిన రోజు గుర్తొచ్చింది. వంతెన పనికి తీసుకుపోయే బండి ఒక రోజు ముందే వచ్చేసింది. మీరు ఇంటికి కూడా రాలేదు. నేను సంచి పట్టుకుని మైదానానికే పరుగెత్తుకొచ్చాను. మీరు చేతులు తుడుచుకుంటూ బండెక్కారు. ఎక్కాక కూడా నిచ్చెన వైపు చూశారు. నన్ను వదిలి వెళ్లలేక అటు తిరిగారనుకుని మురిసిపోయాను నేను.

ముందు మీకు రాసి, మీ జవాబు వచ్చాకే ఎవరితోనైనా చెబుదామనుకున్నాను. కానీ ఉత్తరం మీకు అంది, మీ జవాబు నాకు చేరేలోగా సోమవారం వచ్చేస్తుందనిపించింది. అత్తయ్యకు చెప్పాను.

"నోర్మూసుకో. నీకు ఇనుము సంగతేం తెలుసు? ఉప్పు డబ్బా ఏదో పంచదార డబ్బా ఏదో తెలియదు ఇంకా," అన్నారు.

"నేను చూశానండి అత్తయ్యా."

"చూస్తే చూశావు. కట్టుకున్నవాణ్ణి పదిమందిలో పలచన చేస్తావా? రేపు వాడికి పనెవరిస్తారు? అయినా ఆ పిల్ల మాత్రం తక్కువదా?"

ఆవిడ అన్నదాంట్లో మీమీద ప్రేమ తప్ప ఏమీ లేదు. నాకూ మీ పేరు చెడడం ఇష్టం లేదు.

మర్నాడు ఆటల వేళ పిడుగు ఒక్కతే తరగతిలో కూర్చుని ఉంటే మంచినీళ్లు తీసుకెళ్లాను. గ్లాసును రెండు వేళ్లతో, అంచు మాత్రమే పట్టుకుంది. నీళ్లు ఒంటి మీద ఒలికాయి.

"సరిగ్గా పట్టుకోవచ్చు కదే?" అన్నాను.

"గట్టిగా పట్టుకుంటే విరిగిపోతుందేమో ఆయమ్మా," అంది. "ఇంక నేను పట్టుకున్నవన్నీ విరిగిపోతాయా?"

గ్లాసు దాని రెండు చేతుల్లోనూ పెట్టి పట్టించాను. నాకు తెలిసింది చెప్పాల్సింది మాత్రం దానికి కాదు, పెద్దవాళ్లకు.

శుక్రవారం సాయంత్రం తల్లిదండ్రులను పిలిచారు. అంతమంది పెద్దవాళ్లు ఒకటో తరగతి బల్లల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. వేరే రోజైతే నవ్వు వచ్చేది. నేను నీళ్ల జగ్గుతో గోడ పక్కన ఉన్నాను. దర్జీ గారు లేచి, "పిల్లను పంపించేస్తారా, మా పిల్లను మేం తీసుకుపోవాలా, ఒకటి తేల్చండి," అన్నారు.

ముసలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "నా మనవరాలు అల్లరిది. కాదని ఎవరన్నారు?" అంది. "కానీ ఇనుము విరిచేంత తిండి నేనెప్పుడూ పెట్టలేదు బాబూ."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వించడానికి అనలేదు. పెద్ద టీచరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏదో ఒకటి తేల్చి చెప్పేస్తారని నాకు అర్థమైంది.

"పిల్ల వల్ల కాదండి," అన్నాను.

"ఎవరది? గట్టిగా చెప్పమ్మా," అన్నారు పెద్ద టీచరు.

ఎంతో కష్టపడి బయటికి తెచ్చిన మాటను మళ్లీ మొదటినుంచి తేవాల్సి వచ్చింది. "పిల్ల వల్ల కాదండి. కమ్మీకి అతుకు పూర్తిగా వేయలేదు. పక్కదానికి కూడా వేయలేదు. పైన రంగుంది కాబట్టి కనపడలేదు. సోమవారం తెరవకండి."

"నీకెలా తెలుసు?"

ఇదే నేను ఇంతసేపూ దాచుకుంటూ వచ్చిన మాట. మీకు చెప్పకుండా, మిమ్మల్ని అడగకుండా, అందరిముందూ అన్నాను. "అది చేసింది మా ఆయనండి. పని సగంలో ఉండగా వెళ్లాల్సి వచ్చింది."

దర్జీ గారు నావైపు తిరిగారు. అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. "మీ ఆయనకు చొక్కా కుట్టానమ్మా," అన్నారు మెల్లగా. "భుజం దగ్గర కొలత తప్పితే విప్పి మళ్లీ కుట్టిచ్చాను. పిల్ల ఎముకను ఎలా విప్పి కుట్టమంటావు?"

జగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాను. పెద్ద టీచరు లేచి, "పని పూర్తయిందో లేదో చూడకుండా రంగు వేయించింది నేను. తప్పంతా ఆమె భర్త మీదే పెట్టకండి," అన్నారు. అప్పుడే అందరినీ వెంటబెట్టుకుని మైదానానికి వెళ్లి, నిచ్చెన చుట్టూ తాళ్లు కట్టించారు. పిడుగు మళ్లీ ఆటలకు వస్తోంది. ఇంకా దేన్నీ గట్టిగా పట్టుకోవడం లేదు. కొన్నాళ్లు పడుతుంది.

అత్తయ్య ఆ రాత్రి అన్నం కంచం కొంచెం చప్పుడుగానే పెట్టారు. పొద్దున్నే మాత్రం చెప్పులు తొడుక్కుని, "పద, దర్జీ గారింటికి. వాడు లేనప్పుడు వాడి తరపున ఆ గుమ్మంలో నిలబడాల్సింది నేనే కదా," అన్నారు. మోకాలి నొప్పి గురించి దారిలో ఒక్కసారి కూడా అనలేదు. ఆ పిల్ల తన కట్టు మీద పిల్లలు వేసిన బొమ్మలు చూపించింది. దర్జీ గారు మిషను ఆపలేదు. మేం వచ్చేటప్పుడు మాత్రం తల ఎత్తి, "మళ్లీ రండి," అన్నారు. ఆ మాట అలవాటుగా అన్నారో, మనసులోంచి అన్నారో నాకు తెలియదు.

మీరు కావాలని వదిలేశారని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఎవరికైనా చెప్పి వెళ్లారేమో కూడా తెలియదు. చెప్పి ఉంటే ఎవరికి చెప్పారో రాయండి. మరిచిపోయి ఉంటే మరిచిపోయాననే రాయండి. ఇంకే కమ్మీలకు చుక్కలే ఉన్నాయో అది ముందు రాయండి. మీ జవాబు అందరికీ చదివి వినిపిస్తామని పెద్ద టీచరు చెప్పారు. నా మీద కోపం వస్తే వేరే కాగితం మీద రాయండి. అది నేనొక్కదాన్నే చదువుకుంటాను, ఎంత పెద్దదైనా చదువుతాను.

పిల్ల ఊపి ఉంటుందని మాత్రం రాయకండి. ఆ మాట ఉంటే మీ ఉత్తరం నేను బడికి తీసుకెళ్లను. ఈ వాక్యం రాశాక, మీతో ఇలా మాట్లాడవచ్చా అని కొట్టేయబోయాను. కొట్టేయలేదు.

ఇట్లు,
మీ మీద కోపం లేని, మీ జవాబు కోసం చూస్తున్న
మీ భార్య