మెడ కింద నీలం

జూన్ 9
పొద్దున్నే మా ఆయన మళ్ళీ టెర్రస్ మీద కూర్చోబెట్టాడు. ఎండ ముదిరేలోపు బొమ్మ అయిపోవాలి. ఒళ్ళో చేతులు, నోరు బంద్ — పెళ్ళయిన నాటి నుంచీ ఇదే నా వెట్టి.
కట్టుకున్నది నెమలికంఠం రంగు చీర. లేచి వెళ్ళి చూస్తే కాన్వాస్ మీద ఇటుకపొడి రంగు.
"ఇదేంది, నా చీర గిట్లుందా?"
"నాకు గట్లనే అనిపించింది."
నవ్వి ఊరుకున్నాను. షాపు తెరిచే టైమైంది.

జూన్ 10
ఇటుకపొడి... రోజంతా అదే.

జూన్ 13
డ్రాయింగ్ సారుగా రిటైరైనప్పటి నుంచి, మధ్యాహ్నం నేను తినేంతసేపు కౌంటర్‌లో ఆయనే కూర్చుంటాడు. మ్యాచింగ్ సెంటర్ నాదే అయినా పేరు ఆయనది. చీర చూపిస్తే చాలు, లోపలికి వెళ్ళి సరిగ్గా ఆ రంగు జాకెట్ ముక్క లాగేవాడు. వెలుతురులో పెట్టి చూడాల్సిన పని కూడా ఉండేది కాదు.
ఇవాళ ఒకామె వంకాయ రంగు చీర తెచ్చింది. ఆయన కాఫీపొడి రంగు ముక్క తీసి చీర మీద పరిచాడు. ఎంత నమ్మకంగా పరిచాడో!
"సార్, నాతోని పరాచికాలా?" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అన్నం సయించలేదు.

జూన్ 17
ఆయన బయటికి వెళ్ళగానే బీరువా వెనక నుంచి నా బొమ్మలన్నీ తీశాను. మంచం మీద, కింద, గోడ వారన — ఇల్లంతా నేనే.
ఆయన చేతిని ఎక్కడున్నా పోల్చుకుంటాను. గీత ఉండదు. దగ్గరికి పోతే అన్నీ రంగు మచ్చలు, వెనక్కి జరిగితే మనిషి. నీడలో నలుపు ముట్టడు. చెవి కింద, మెడ మీద నీలం పూస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఇంప్రెషనిస్టులని, ఫ్రాన్సు పెయింటర్ల పుస్తకం ఒకటి నా ముందు పెట్టాడు. అందులో ఒకాయన తన భార్యనే మళ్ళీ మళ్ళీ వేశాడు. "సూడు, నీడ నల్లగుంటదని ఎవడు జెప్పిండు? ఎండ ఉన్నకాడ నీడ నీలముంటది" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది తక్కువ, సిగ్గేసింది ఎక్కువ.
ఇవాళ బొమ్మలు వరసలో పెట్టాను. వెనక తేదీలు చూడలేదు, అవసరం పడలేదు. మెడ మీది నీలం ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. ముందు బూడిద. తర్వాత పసుపు. ఇప్పుడు ఇటుక. కళ్ళూ ముక్కూ అలుక్కుపోయాయి.
చెయ్యి అదే. కళ్ళకే ఏదో అయింది. ఆ బొమ్మల మధ్యనే కూర్చుండిపోయాను.

జూన్ 19
బండి మీద ఉప్పల్ నుంచి వస్తున్నాం. రింగురోడ్డు దగ్గర మెట్రో పిల్లర్ చాటునుంచి బస్సు. "బస్సు! బస్సు!" అని అరిచాను.
"కనవడ్తుంది తియ్" అన్నాడు. బ్రేక్ మాత్రం నా అరుపు తర్వాతే పడింది.
ఇంటికి రాగానే తాళంచెవి బియ్యం డబ్బాలో దాచాను.

జూన్ 20
"బండి తాళమేదే?"
"నాకేం తెల్సు?"
ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం.

జూన్ 23
అద్దాలు మార్పిద్దామని చెప్పి కంటి దవాఖానాకు తీసుకెళ్ళాను. రెండు కళ్ళకూ శుక్లాలట, మోతిబిందు. కుడిది మరీ ముదిరింది. "ఇన్ని రోజులు ఏం చేశారమ్మా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. ఇంకా ఆలస్యం చేస్తే లోపల ప్రెషర్ పెరిగి, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చట. ముందు కుడిది, తర్వాత ఎడమది.
ఆటోలో తిరిగొస్తున్నాం. తార్నాక దాటాక, "ఎగ్జిబిషన్ అయినంక సూద్దాం" అన్నాడు. రోడ్డు వైపు చూస్తూ. బంజారాహిల్స్‌లో ఒక గ్యాలరీవాళ్ళు ఆయన బొమ్మలు పెడతామన్నారు, అదీ సంగతి.

జూన్ 24
దమ్మాయిగూడ నుంచి వదినె వచ్చింది. తమ్ముడంటే ప్రాణం, సలహా ఇవ్వనిదే చాయ్ తాగదు. "మోతిబిందు పచ్చిగున్నప్పుడు తియ్యరు. పండనియ్యాలె. మా అత్తకు గట్లనే జేసిన్రు."
"అది పాత ముచ్చట వదినే, ఇప్పుడట్ల లేదు."
వింటే కదా! ఆయనకు కావలసిందీ అదే. "ఇన్నవా, అక్క ఏమంటుందో?" అన్నాడు. ఇద్దరికీ చాయ్ పోసి, వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద కసి తీర్చుకున్నాను.

జూన్ 27
గ్యాలరీ మేడం బంజారాహిల్స్ నుంచి కారేసుకుని వచ్చింది. నీలం బొమ్మల్ని ఒక్కసారి అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టింది. ఇటుకవి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.
"సార్, ఇంప్రెషనిస్టులు చివర్లో చేరుకున్న చోటికి మీరు చేరారు. ముఖం ఎలా కరిగిపోతోందో చూడండి! ఇలాంటివే ఇంకో రెండు కావాలి నాకు."
బిస్కెట్లు పళ్ళెంలో సర్దుతున్నాను. నోటిదాకా వచ్చింది — అమ్మా, అది కరగడం కాదు, శుక్లం. అప్పుడే ఆయన ముఖం చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముఖంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదు. మాట మింగేశాను.

జూన్ 28
అడిగేశాను.
"నీకు నీలం కనవడ్తలేదు కదా?"
బ్రష్ తుడవడం మొదలుపెట్టాడు. "నాకెరుకనే సుగుణా. రెండేండ్ల సంది ఎరుక."
"మరెందుకు దాసినవ్?"
"దాసుడేంది? కండ్లకు కనవడ్డదే ఏసిన. ఎరుకున్నది ఎయ్యొద్దు, కనవడ్డది ఎయ్యాలె. గదే కదా నా సదువు." బ్రష్ పక్కన పెట్టి, "ముప్పై ఏండ్లు నీలం ఏసిన. ఒక్కలన్న ఇంటికొచ్చి అడిగిన్రా?"
ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలి? పప్పు మాడింది.

జూలై 1
చెప్పేశాను. ఆపరేషన్ అయ్యేదాకా బొమ్మకు కూర్చోను.

జూలై 2
కూర్చోలేదు.

జూలై 4
తులసి కుండీ బొమ్మ వేస్తున్నాడు. నా ముందే, పంతానికి. "మేడం తులసి కుండీ అడిగిందా?" అన్నాను. బ్రష్ ఆపలేదు. నాకే మనసు చివుక్కుమంది.

జూలై 6, ఆదివారం
ఉప్పల్‌లో మా తమ్ముడింటి నుంచి అమ్మవారికి బోనం. రాయడానికి చెయ్యి రావడం లేదు.
తల మీద కుండ, వేపాకు, దీపం. వరసగా ఆడవాళ్ళం, ముందు డప్పులు. ఎప్పుడూ నా పక్కనే నడుస్తాడు, మోచెయ్యి పట్టుకుని. బోనం ఎక్కడ జారుతుందోనని ఆయనకు భయం. ఇవాళ మోచెయ్యి దగ్గర ఎవరూ లేరు. కుండతో తల తిప్పలేను. వెనక నుంచి గొంతు వినపడింది.
"అన్నా, ఎవలు నువ్వు? చెయ్యి ఇడువు."
"సుగుణా..." ఆయన గొంతు.
ఆగి, ఒళ్ళంతా తిప్పి చూశాను. ఎవరో ఆమె మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. ఆమెది ఇటుక రంగు చీర. నాది నీలం.
"ఏం బావా, పొద్దుగాలనే మందేసినవా?" అన్నాడు తమ్ముడు. అందరూ నవ్వారు. ఆయన ఆ చెయ్యి వదిలి, రోడ్డు మధ్యలో, ఎటు రావాలో తెలియనట్టు నిలబడ్డాడు. అమ్మా తల్లీ, నీ బోనం ఎట్లా మోశానో నీకే తెలుసు.
ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో అడిగాడు. "డాక్టరమ్మ ఎప్పుడు రమ్మన్నది?"

జూలై 10
కుడి కన్ను ఆపరేషన్ అయింది. తమ్ముడు తెచ్చిచ్చిన చాయ్ చేతిలోనే చల్లారింది. తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడ్డాను.

జూలై 11
కట్టు విప్పారు. ముందు నన్ను చూడలేదు. నర్సమ్మ వెనక పరదా చూశాడు. "అబ్బ... నీలం" అన్నాడు. ఆ తర్వాత నన్ను.
"గింత తెల్లవడ్డదా నీ జుట్టు?"
"మరి నల్లగనే ఉంటదనుకున్నవా?" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.
తల తడపొద్దు, దుమ్ములోకి పోవద్దు, చుక్కలు మానొద్దు. ఎడమది కూడా ముదిరింది, నాన్చొద్దని డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పింది.

జూలై 13
ఒక కన్ను మూస్తాడు, ఇంకోటి తెరుస్తాడు. నా కొంగు పట్టుకుని "గిది నీలం... గిది ఇటుక... గిది నీలం" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకు!
అదే నవ్వుతో వెళ్ళి మేడం మెచ్చుకున్న బొమ్మలు తీశాడు. నవ్వు ఆగిపోయింది.
"గీ మురికంత నేనేసిందేనా?"
గోడ వైపు తిప్పి పెట్టాడు.

జూలై 16
మేడం ఫోన్. ఆ రెండూ ఎప్పుడిస్తారని. "అయితయి మేడం, ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు. నా వైపు చూడలేదు.

జూలై 18
అన్న మాట ప్రకారం కూర్చున్నాను. నల్లద్దాలు తీసేశాడు, వద్దంటే వినడు. మెడ మీద నీలం పూస్తుంటే దూరం నుంచే తెలిసింది. కదలకుండానే మురిసిపోయాను.
లేచి చూశాను. చీర అంచు గీత గీసినట్టుంది. కళ్ళు, ముక్కు, నుదుటి మీద ముడత, ఒక్కొక్క తెల్ల వెంట్రుక. అన్నీ ఉన్నాయి.
"మంచిగుంది" అన్నాను.
"ఇస్కూల్ పిల్లలకు నేర్పే బొమ్మోలె ఉన్నది" అని కత్తితో మొత్తం గీకేశాడు.

జూలై 19
సగం అన్నంలో లేచాడు. చుక్కలు నేనే వేశాను. ఎడమ కంటికి ఎప్పుడు పోదామంటే, "జర ఆగరాదే" అన్నాడు. దండం పెడుతున్నట్టు అన్నాడు. నాకు భయం వేసింది.

జూలై 21
పొద్దున టెర్రస్. కూర్చున్నాను. కాన్వాస్ ముందు ఊరికే నిలబడ్డాడు. బ్రష్ ముట్టలేదు. కింద ఫ్యాక్టరీ బస్సు వచ్చింది, మనుషులు ఎక్కారు, పోయింది. ఇంకా అట్లాగే ఉన్నాడు.
జేబులోంచి రుమాలు తీశాడు. చెమట తుడుచుకుంటాడనుకున్నాను. మడిచి, కుడి కన్ను మీద పెట్టి, తల వెనక ముడి వేసుకున్నాడు. మంచి కన్ను మీద.
అప్పుడు కదిలింది బ్రష్. గబగబా. పెదవులు ఏదో గొణుక్కుంటున్నాయి, భుజాలు తేలికయ్యాయి. ఎన్ని రోజులైంది ఈ మనిషిని ఇట్లా చూసి!
లేవాలి. లేచి ఆ రుమాలు లాగి అవతల పారెయ్యాలి. ఎడమ కన్ను పోతుందయ్యా అని గల్లీ అంతా వినేలా అరవాలి. దీనికేనా నేను ఇంత కొట్లాడింది...
"సుగుణా, గదువ జర పైకెత్తు" అన్నాడు.
ఎత్తాను.