గోలు ముందు ఆగిపోతున్నారు

కరుణా,

నువ్వు పోయి నేటికి ఏడాది. డ్రిల్ టీచరుగా నువ్వు తయారుచేసిన, నీ తర్వాత నేను చూసుకుంటున్న ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఈ సాయంత్రం నందిగామలో మళ్లీ ఓడిపోయింది. ఈ ఏడు ఒక్క గోలూ లేదు. బంతిని గోలు దాకా తెచ్చి, వెనక్కి పాస్ ఇచ్చేస్తున్నారు.

ఇవాళ సలోమీ ముందు గోల్‌కీపర్ కూడా లేదు. "కొట్టవే!" అని గొంతు పోయేలా అరిచాను. ఆ పిల్ల ఆగిపోయి, గీత బయట నువ్వు నిలబడే చోటు వైపు చూసింది. బంతి పోయింది.

ఆట అయ్యాక ఎందుకాగావని అడిగాను.

"మేడమ్ కేకేస్తేనే కొట్టేదాన్నండి. అలవాటుగా అటు చూశా."

"నేనూ అరిచాగా!"

"మీరు తిడుతున్నారనుకున్నా సార్."

వచ్చే ఏడు బడివాళ్లు జట్టు తీసేస్తున్నారు. పిల్లలకు ఇంకా తెలియదు. రేపు పొద్దున్నే ప్రాక్టీసుకు రమ్మని చెప్పి, బంతి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.