కడిగి వాడిన పట్టీలు

నర్సింహులపేట,
మంగళవారం.

సౌందర్య మేడం గారికి,

ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నీళ్ల పరీక్ష పట్టీలను ఒక్కసారే వాడాలన్నారు. పారేయడానికి మనసొప్పక కడిగి, ఎండబెట్టి మళ్లీ వాడాను. తండాలో తుల్సీబాయి బోరు నీళ్లలో సీసం లేదని ఆ పట్టీ పెట్టిన మీటరు చూపింది. రోజువారీ పుస్తకంలో అలాగే రాసి, తాగమని చెప్పాను. నిన్న మిగిలిన ఒక్క కొత్త పట్టీతో చూస్తే సీసం ఉంది. ఆమె కోడలికి ఏడో నెల.

చెబుదామనే వెళ్లాను. "నువ్వు మంచిగున్నయని చెప్పిన నీళ్లే గదా అన్నా, జర తాగు" అని చెంబు అందించింది. చెప్పకుండానే తాగి వచ్చేశాను.

కొత్త పట్టీలతో త్వరగా రండి. నేను అలా చూసిన బోర్లు ఇంకా పదకొండు ఉన్నాయి. ఈ ఉత్తరం పోస్టులో వేసి మళ్లీ తండాకే పోతున్నాను. ఈసారి ఆమె చెంబు ముంచకముందే చెబుతాను.

మీరు నమ్మి మీటరు అప్పగించినవాడు