మరదలి చేతిలో కత్తి

జూన్ 4

నాన్న ఈ రోజు సెలూన్‌లో మరదలికి, అదే తమ్ముడి పెళ్లానికి, కత్తి పదును పెట్టడం నేర్పాడు. సానరాయి మీద కాదు, తోలుపట్టీ మీద. పట్టీ ఒక కొస కుర్చీ చేతికి తగిలించి, రెండో కొస ఆమె చేత లాగి పట్టించాడు. సడలనివ్వకమ్మా అన్నాడు. కత్తి వీపు ముందు నడవాలి, పదునుండే వాదర దాని వెనక రావాలి అన్నాడు. నొక్కకు, కత్తి బరువే చాలు అన్నాడు. చివరిదాకా వెళ్లాక వీపు మీద దొర్లించి తిప్పు, వాదర మీద తిప్పావంటే పట్టీ తెగుతుంది అన్నాడు.

ఎంత ఓపికో! పైగా 'అమ్మా' అట, కన్నకూతుర్ని నన్నెప్పుడూ అలా పిలవలేదు.

నాకు ఇందులో ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. ఇంటర్ తప్పి సెలూన్‌లోకి వచ్చాను. ఆయన చేస్తుంటే చూసి పట్టుకున్నాను. తప్పు చేస్తే కత్తి లాక్కుని తనే చేసేవాడు. అదే నా ట్రైనింగ్.

జూన్ 5

మరదలు పట్టీ మీద గాటు పెట్టింది. ప్రాణం హాయిగా ఉంది.

జూన్ 6

నాన్న తిట్టలేదు. మొదట్లో అందరూ పెడతారులే అన్నాడు. నేను పెట్టినప్పుడు నాతో మాట్లాడడం మానేశాడు.

జూన్ 15

మిగతా సెలూన్లలో బ్లేడు మార్చే కత్తులు వచ్చేశాయి. మా దగ్గర మాత్రం పాత కత్తే. దాని కోసమే వచ్చేవాళ్లున్నారు. నాన్న చేతులు వణకడం మొదలయ్యాక వాళ్లందరినీ చూసుకున్నది నేను. తమ్ముడు బస్సు నడుపుతాడు, వాడికి ఈ పని పట్టదు. వాడి పెళ్లానికి ఇంట్లో తోచక వచ్చింది. వచ్చి ఎన్నాళ్లయిందని!

ఫొటోస్టూడియో ఆయన ఈ రోజు నా కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఆ కొత్తమ్మాయి చేతనే చేయించుకుంటాను, పర్లేదు, వెయిట్ చేస్తాను అన్నాడు. నేను తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాను. అందులో మరదలూ నాన్నా కనిపిస్తున్నారు. ఆమె కత్తి పట్టీ మీద పోతుంటే నూనె రాసినట్టుంది. నాన్న గోడకి ఆనుకుని చూస్తున్నాడు, సంగీతం వింటున్నవాడిలా.

జూన్ 21

రేపటి నుంచి నాన్న గడ్డం కోడలు గీస్తుందట. ముసలి చర్మం మీద, ముడతల మధ్య గీస్తేనే చెయ్యి కుదురుతుందట. కారణం బాగానే ఉంది.

రోజూ పొద్దున ఆ కాసేపే నాన్న నా ముందు కళ్లు మూసుకుని, ఏమీ దెప్పకుండా కూర్చునేది. మెడ పైకెత్తి నాకు అప్పగించేవాడు. అదీ పోయింది.

జూన్ 22, ఉదయం

మరదలు కత్తి పదును పెట్టి బల్ల మీద ఉంచి, వేడినీళ్ల కోసం లోపలికి వెళ్లింది. నేను తీశాను. పట్టీ వదులుగా పట్టుకున్నాను. వీపు పైకెత్తాను. గట్టిగా నొక్కి లాగాను. ఏమేం చెయ్యకూడదో అవన్నీ చేశాను. పైకి తళతళలాడుతూనే ఉంది, వాదర మాత్రం మడతపడింది.

వెంట్రుకలు లాగుతాయి. నాన్న విసుక్కుంటాడు. కత్తి మళ్లీ నా చేతికి వస్తుంది. అంతే.

మరదలు నాన్న గడ్డానికి నురగ పెడుతోంది. వెళ్లి గుమ్మంలో నిలబడతాను.

జూన్ 22, సాయంత్రం

అంతే కాలేదు.

కత్తి తెగకపోయేసరికి మరదలు నొక్కింది. నాన్న ఉలిక్కిపడ్డాడు. దవడ కింద తెగింది. పటిక పెట్టింది, ఆగలేదు. నేను టవల్ పెట్టి అదిమాను, ఆగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, గుండెకని వేసుకునే మాత్రలు రక్తాన్ని పల్చన చేస్తాయని డాక్టరు చెప్పిన సంగతి. ఆ మాత్రలు రోజూ చేతిలో పెట్టేది నేనే.

ఆటోలో నాన్న తల నా ఒళ్లో ఉంది. టవల్ తడిసి నా చీర కూడా తడుస్తోంది. ఆయన మాత్రం మరదలి మణికట్టు పట్టుకున్నాడు, భయపడకమ్మా భయపడకు అంటున్నాడు. అంత గొడవలోనూ నేను అదే చూశాను. ఛీ, నా బుద్ధి.

కుట్లు పడ్డాయి. ఇంకాస్త లోతుగా దిగుంటే చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు డాక్టరు. తమ్ముడు డ్యూటీ మధ్యలో వచ్చి వరండాలో అందరి ముందూ పెళ్లాన్ని కేకలేశాడు. ఆమె తల దించుకుని, నా చెయ్యే సరిగ్గా పడలేదు అంది.

నేను రక్తం టవల్ ఉతకడానికి కుళాయి దగ్గరికి వెళ్లాను.

జూన్ 23

ఏమీ రాయలేను.

జూన్ 25

అన్నాల దగ్గర చెప్పేశాను. ఆ కత్తి పాడుచేసింది నేనే, కావాలనే చేశాను అన్నాను.

తమ్ముడు నవ్వాడు. అక్కా, నువ్వు దాన్ని వెనకేసుకురాకు, నీది మరీ జాలిగుండె అన్నాడు. ఇలాంటి ఆడపడుచు దొరకడం నీ అదృష్టం అని పెళ్లానికి కూడా చెప్పాడు. మరదలు నా కంచంలో ఇంకాస్త అన్నం పెట్టింది. నాన్న తల ఎత్తలేదు. కుట్లు లాగుతున్నాయి, ఇక మాటలాపండి అన్నాడు.

ఈ ఇంట్లో నన్ను ఇంతగా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి.

జూన్ 27

సెలూన్‌లో ఇద్దరమే ఉన్నాం. కత్తి తెగడం లేదని ఆ రోజు ఎందుకు చెప్పలేదని మరదలిని అడిగాను.

చీపురు పక్కన పెట్టింది. చెంపకి ఆనించగానే తెలిసింది వదినా, అది నేను పెట్టిన పదును కాదు అంది. మరి ఎందుకు ఆపలేదే అన్నాను. ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. మీరు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, మీ ఎదురుగా కత్తి సరిగ్గా లేదని ఎలా అంటాను అంది. మావయ్యది రోజూ నా గురించి ఒకటే పాటట. మా అమ్మాయి చెయ్యి చూడు, మా అమ్మాయికి చెప్పే పనే లేకపోయింది, ఒకసారి చూస్తే చాలు పట్టేసింది అని. విని విని చెవులు తూట్లు పడ్డాయి, మీరంటే నాకెంత మంటో మీకు తెలీదు, ఆ మంటతోనే నొక్కాను అంది. అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సారీ చెప్పాను. ఇద్దరం కలిసి నేల ఊడ్చాం.

ఇంటికి వచ్చాక ఒకటే ఆలోచన. నాన్న ఆ మాట నాతో ఎందుకు అనలేదు? ఆమెతోనా అనేది?

జూలై 8

కుట్లు విప్పాక ఈ రోజే నాన్న మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరు గీస్తారంటే, ఎవరైనా సరే, పీక మాత్రం కొయ్యకండి అన్నాడు. మరదలు పదును పెట్టింది. నేను గీశాను. కుట్ల మచ్చని తప్పించి చుట్టూ గీశాను. ఆయన కళ్లు తెరవలేదు.

జూలై 9

మరదలి దగ్గర నన్ను మెచ్చుకున్న ఆ మాట నా ఎదుట ఒక్కసారైనా అంటాడేమోనని పొద్దుటి నుంచి నాన్న చుట్టూనే తిరిగాను. సాయంత్రం దగ్గరికి పిలిచాడు. మరదలికి వినపడకుండా, గొంతు బాగా తగ్గించి, కోడలి చెయ్యి చూశావా, ఎంత తేలికో అన్నాడు.

చూశాను. నిజమే. ఒళ్లు మండిపోయింది.