రెండు వచ్చింది పదికి కాదు

నిన్నటి కార్డులో చోటు అయిపోయింది నాన్నా, మిగతాది ఇందులో రాస్తున్నా. రాష్ట్రం పెట్టే పరీక్షలో తమ్ముడు ఎలియాస్‌కి రెండు వచ్చిందని అమ్మ నీకు రాసేసింది కదా. ఆ రెండు పదికి కాదు, నాలుగుకి. మన మెక్సికో బడుల్లో పదికి వేస్తారు కదా, ఇక్కడా అంతేనని అమ్మ అనుకుంది. ఎలియాస్‌ని మళ్లీ నాలుగో తరగతిలోనే కూర్చోబెట్టమని అడగడానికి బడికి బయల్దేరింది, నన్ను వెంటబెట్టుకుని.

అక్కడ మార్కుల గురించి చెప్పే మీటింగట, లైబ్రరీ నిండా అమ్మలే. స్పానిష్‌లో చెప్పాల్సినావిడ రాలేదు. టీచర్ ఇంగ్లీషు కాగితం నా చేతిలో పెట్టి, నన్నే చెప్పమంది. స్పానిష్‌లో చెప్పాను నాన్నా: "ఇందులో పాస్, ఫెయిల్ లేవు. నాలుగు మెట్లు, అంతే. పోయినేడు మా తమ్ముడు ఒకటో మెట్టు మీదున్నాడు, ఇప్పుడు రెండో దాని మీదున్నాడు."

వెనక నుంచి ఎలోదియా అత్త, "అయ్యో, మూడే వచ్చిందని మావాణ్ణి వారం నుంచీ బంతి ముట్టనివ్వలేదే" అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. లేచి నిలబడి, "ఆ చెప్పే పిల్ల నా కూతురు" అంది.

వాడికి కొంటానన్న సైకిల్ మానకు నాన్నా. కోప్పడుతూ ఉత్తరం రాసుంటే పోస్టు చెయ్యకు, వాడు రోజూ పోస్టు డబ్బా దగ్గరే బిక్కుబిక్కుమంటూ ఉంటున్నాడు. నువ్వు మొక్కలు నాటే పనికెళ్లిన కొండ మీద చలి మొదలైందా? అక్కడ ఫోన్ అందదనే ఈ కార్డు. తన పొరపాటు తనే నీకు చెప్పుకుంటానంది అమ్మ, కాబట్టి నేను రాసినట్టు అనకు.

అమ్మ తలుపు కొడుతోంది. "టీచరమ్మగారూ, టోర్టియా రొట్టెలు చల్లారిపోతున్నాయి" అంటోంది. అమ్మ చూడకుండా కార్డు దిండు కింద పెట్టేస్తున్నా.