నాలుగు రకాల టీ, ఒకే డబ్బా

నాన్నా,

కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకో. మాత్ర మర్చిపోకు. పక్కనున్న టీ డబ్బా మాత్రం ముట్టుకోకు.

అది ఇంట్లోకి తెచ్చిన టీపొడి కాదు. రుచి చూసి అభిప్రాయం రాయమని మా ఆఫీసువాళ్లు ఇచ్చిన నాలుగు రకాలు. రెండేమో విడి ఆకు, రెండేమో టీబ్యాగులు. ఉద్యోగంలో నాకు అప్పగించిన మొదటి పని, ఈ రోజే ఇవ్వాలి. నువ్వేమో "చెంచాడు పొడికి ఇంత కుట్టుపనా!" అంటూ బ్యాగులన్నీ కత్తెరతో విప్పి, నాలుగూ ఒకే డబ్బాలో పోసేశావు. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది, దారాలు మాత్రం రీలుకు చుట్టి దాచావు.

నిన్న నాకు ఏడుపొక్కటే తక్కువ. డిగ్రీ చదివానన్న మాటే గానీ, ఆ కలగాపులగం మూడు కప్పులు తాగినా వేడిగా ఉందని తప్ప నాకేమీ తెలియలేదు. నువ్వు ఒక్క గుక్క తాగి, "ఒకటి తడిసిన గడ్డి. ఒకటి ఇస్త్రీపెట్టె కింద మాడిన నూలుగుడ్డ. ఒకటి పెట్టెలో దాచిన పట్టుచీర. నాలుగోది ఉతికి ఉతికి రంగు పోయిన చొక్కా" అన్నావు. ఖాళీ ప్యాకెట్లు ఒక్కొక్కటీ వాసన చూశాను. నాలుగూ నిజమే.

అవే మాటలు రాసి తీసుకెళ్తున్నాను. కింద నా పేరు పక్కన నీ పేరు కూడా పెట్టాను. తిడితే ఇద్దరం పడదాం.

— పెద్దది

డబ్బా ముట్టుకో, పర్లేదు. సాయంత్రం ఇంకో ఆరు రకాలు తెస్తాను. కత్తెర షాపులోనే పెట్టి రా, నాలుక ఒక్కటి తెచ్చుకుంటే చాలు.